నలభై ఒకటో నంబరు మాత్ర

వేలూరు, 1998. లాడ్జి గదిలో చీఫ్ ధర్మలింగం ఫైలు విసిరాడు.

"దిగులు జబ్బున్న నూట ఇరవై మంది రక్తం చూసి, ఎవరి జీన్‌కు ఏ మాత్ర పడతాదో డాక్టర్లు షీట్ రాసినారు. ఒకటే కాపీ. గుడియాత్తం క్యాంపులో అది పోయింది. రక్తం సీసాలు కూడా పగలగొట్టేసినారు. ముగ్గురు నర్సుల్లో ఒకత్తె విదేశీ ముఠా మనిషి. నాలుగింటి బస్సెక్కిందంటే మనకు దొరకదు."

"ముగ్గురి పెట్టెలూ వెతికితే?"

"వెతకబోతే షీట్‌ను కాల్చేస్తాది."

ఏజెంట్ చిన్నరాజు పళ్ళు కొరికాడు. ఆ షీట్‌లో నలభై ఒకటో నంబరు అతని అక్క వళ్ళి. రెండేళ్ళుగా గోడవైపు తిరిగి పడుకునే ఉంది. రెండు రకాల మాత్రలు వాడితే, రెండోది ఆమెను బావి దాకా నడిపించింది. పడే మాత్ర పేరు ఆ కాగితంలోనే ఉంది. జబ్బు మనుషుల నోటి దగ్గర మందు లాక్కునే వెధవలకు ఏ శిక్ష వేసినా తక్కువే.

క్యాంపు ప్రహరీ కడుతున్న మేస్త్రీగా దిగాడు చిన్నరాజు. ఇంటి విద్యే. గోడ మట్టం చూసే రసమట్టంలో ట్రాన్స్‌మిటర్. నర్సులు ముగ్గురూ ఒకటే మాట చెప్పారు: "మాది ఈ ఊరే అప్పా. తెలుగు మాట్లాడతాము, చదివేదానికి రాదు."

నిజమే, ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో అరవం. చిన్నరాజుకు కూడా తెలుగు అక్షరాలు నేర్పింది డిపార్ట్‌మెంటే.

నాలుగుకు పది నిమిషాలు. ఇటుక ముక్కతో గోడ మీద పెద్దగా తెలుగులో రాశాడు: పెట్టెలో షీట్ దొరికిపోయింది.

ఇద్దరు నర్సులు గోడను చూసి, మళ్ళీ టీ తాగుతూ కూర్చున్నారు. సినిమా తారలా మెరిసే మూడో నర్సు మోనిష చెయ్యి మాత్రం చటుక్కున తన ఐసు పెట్టె మీదికి పోయింది.

"ఏమమ్మా, చదివేదానికి రాదంటివే?"

మోనిష షీట్ బయటికి లాగింది. లిప్‌స్టిక్ నొక్కితే మంట లేచింది. "అడుగేస్తే బూడిదే."

కాగితం అంచు అంటుకుంది. చిన్నరాజు చేతిలో ఉన్నది తాపీ నిండా తడి సిమెంటు. విసిరాడు. మంట, లిప్‌స్టిక్, మోనిష ముఖం, మూడూ ఒకే పూతలో ఆరిపోయాయి. షీట్ తుడిస్తే నలభై ఒకటో వరుస కనిపించింది.

ఆ మాత్ర మొదలుపెట్టిన ఐదో వారం, వళ్ళి తనంతట తానే తమ్ముడి వెంట క్యాంపుకు వచ్చింది. ప్రహరీని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది.

"ఇదేనా నువ్వు కట్టింది? వంకరగా ఉండాది. నాయన చూసుంటే తాపీతోనే కొట్టుంటాడు."

రెండేళ్ళకు అక్క నోట వచ్చిన మొదటి తిట్టు. చిన్నరాజు గోడ చాటుకు పోయి తనివితీరా ఏడ్చాడు.

తర్వాత చీఫ్‌కు రిపోర్ట్ పంపాడు: "మిషన్ సక్సెస్. గోడ మాత్రం వంకర."