మెండోసా నుంచి నాలుగు గంటలు

"నూట తొంభై కిలోమీటర్లు. కొండదారి కాబట్టి నాలుగు గంటలు వేసుకో. ఒంటిగంటకల్లా శాంతియాగోలో ఉంటావు," అన్నాడు చీఫ్ ఎవరిస్తో.

మెండోసాలో ఉదయం తొమ్మిదికే ఎండ మాడుస్తోంది. పొరుగుదేశపు ఊళ్ళో, ద్రాక్షసారా కంపెనీ బోర్డు వెనక నడిచే చిలీ గూఢచారి శాఖ రహస్య కార్యాలయం అది. ఏజెంట్ అమారో విప్పిన కోడ్ ప్రకారం, చిలీ రాజధాని శాంతియాగోలో జడ్జి క్లోతిల్దే రెండు గంటలకు కారు తాళం తిప్పగానే బాంబు పేలుతుంది. విదేశీ ఆయుధాల ముఠా పేర్లు ఆమె ఆరోజే కోర్టులో చదవబోతోంది.

"ఫోన్ చేస్తే సరిపోదా సార్?"

"లైన్లన్నీ వాళ్ళు వింటున్నారు. ఫోన్ ముట్టుకోకు. ఎయిర్‌పోర్టులో నీ మొహం వాళ్ళకి తెలుసు. లియొనోర్‌ని భార్యగా వెంటబెట్టుకెళ్ళు."

ముఠాలో మనిషిగా తిరుగుతూ చీఫ్‌కి కబుర్లు చేరవేసే అందగత్తె లియొనోర్. అమారో సముద్రతీరంలో పెరిగినవాడు. ఈ కొండల్ని ఎప్పుడూ విమానంలోనే దాటాడు, యాభై నిమిషాల్లో. ఇరవయ్యేళ్ళుగా నమ్మిన చీఫ్ చెప్పాడు కదా అని బయల్దేరాడు.

పదకొండు గంటలకు ఉస్పయ్యాతా ఊళ్ళో పెట్రోల్ కోసం ఆగారు. బంకు ముసలాయన నవ్వాడు.

"రెండింటికి శాంతియాగోనా? రెక్కలున్నాయా బాబూ? ఇంకా రెండొందల యాభై కిలోమీటర్లుంది. మలుపులు, సరిహద్దులో క్యూ... చీకటిపడకముందు చేరితే గొప్పే!"

అమారోకు అప్పుడు తట్టింది. నూట తొంభై అనేది పక్షి ఎగిరే దూరం. ఈ రోడ్డు మీద ఎవరిస్తో నలభైసార్లు తిరిగాడు.

"నాకూ అదే చెప్పాడు," అంది లియొనోర్. "శాంతియాగో చేరగానే నీకు విమానం సిద్ధం, ముఠాకి చిక్కకుండా పారిపోదువుగాని అన్నాడు. ముఠా దగ్గర డబ్బు తిన్నది నేనొక్కదాన్నే అనుకున్నా. ఆయనా తిని, నన్నూ వాళ్ళకి అమ్మేశాడు!"

"సిగ్గులేదూ?"

"తర్వాత తిట్టు. లైన్లు వింటున్నారన్నదీ అబద్ధమే అయ్యుంటుంది. ముందు ఫోన్ చెయ్యి."

ఊళ్ళో ఉన్నది ఒకే టెలిఫోన్ ఆఫీసు. ఆపరేటరు పైకి చూడనైనా చూడలేదు. "ట్రంకు లైన్లు బిజీ. కూర్చోండి."

కూర్చున్నారు. బతిమాలారు, బెదిరించారు. చివరికి లియొనోర్ తన చెవిపోగులు తీసి బల్లమీద పెట్టింది. ఒంటిగంట యాభై ఎనిమిదికి లైను కలిసింది. ఎత్తింది జడ్జి తల్లి.

"క్లోతీనా? ఇప్పుడే కిందికి దిగింది నాయనా. ఎవరు నువ్వు?"

"కిటికీలోంచి అరవండమ్మా! కారు ముట్టుకోవద్దనండి!"

రిసీవర్ దబ్బున పడింది. దూరంగా ముసలి గొంతు: "క్లోతీ! ఆగవే! కారు ముట్టుకోకు!" తర్వాత ఏమీ లేదు. అమారో గోడ గడియారం వంక చూశాడు. రెండు దాటింది. రిసీవర్‌లో మెట్లమీద చెప్పుల చప్పుడు, వెనకే విసుగు: "ఏంటమ్మా, కోర్టుకి లేటవుతోంది!"

అమారో కళ్ళు తుడుచుకుని పక్కకి చూశాడు. లియొనోర్ లేదు. బయట అతని కారూ లేదు.

శాఖ పరువు పోకూడదని పైవాళ్ళు ఎవరిస్తోని గౌరవంగా రిటైర్ చేశారు. సన్మానపత్రం రాసే పని అమారోకు అప్పగించారు. 'నిజాయితీ' అన్న మాట ఒక్కసారే ఉందని దాన్ని తిప్పి పంపారు.