చెల్లెలి ఫైల్లో లేని అన్నయ్య

"డేటా వెళ్లింది సరే, తిరిగొస్తుందా?"

ఆమె అతనితో అన్న మొదటి మాట అది.

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎందుకు రావాలండీ? ఇల్లు మారినవాళ్ల సామాను మళ్లీ పాత ఇంటికి వస్తుందా?"

"రాకపోతే దారిలో ఏం పోయిందో మీకెలా తెలుస్తుంది?"

పాత సిస్టమ్‌లోని డేటాను కొత్తదానిలోకి మార్చడం అతని పని, దాన్ని టెస్ట్ చేయడం ఆమె పని. కొత్త రూపంలోకి మార్చిన డేటాను మళ్లీ పాత రూపంలోకి మార్పించి, రెండూ అక్షరం అక్షరం సరిపోతేనే సరేననేది. అందుకే ఆఫీసులో ఆమె పేరు 'వెనక్కి మేడమ్'. అతన్ని 'దొరగారు' అనేవారు. తన కోడ్‌లో తప్పుందంటే ఒప్పుకునే రకం కాదు మరి.

అమ్మానాన్నలు లేని పిల్లల్ని పెంపకానికిచ్చే సంస్థ అది. పాత సిస్టమ్‌లో పిల్లల వివరాలు ఒక టేబుల్లో, పెంచే ఇళ్లవి ఇంకో టేబుల్లో, ఎవరికి ఎవరు తోడబుట్టినవారో మరో టేబుల్లో ఉండేవి. కొత్తదానిలో ఒక్కో బిడ్డకు ఒక్కో ఫైలు, వివరాలన్నీ అందులోనే. ఒకే కడుపున పుట్టినవాళ్లు ఒక్కోసారి వేరువేరు ఇళ్లకు వెళ్లిపోయేవారు. వాళ్ల మధ్య మిగిలిన దారం ఆ మూడో టేబుల్ ఒక్కటే.

మొదటిసారి డేటా తిరిగి రాగానే ఆమె అతని దగ్గరికి వచ్చింది.

"దొరగారూ, ఫోన్ నంబర్ల ముందున్న సున్నాలేవి? ఆకలేసి తినేశారా?"

అందరూ నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. రెండోసారి తేదీలో రోజూ నెలా తారుమారయ్యాయి.

"ఈ పాప ఇంకా పుట్టనేలేదట. వచ్చే శీతాకాలం దాకా ఆగమంటారా?"

"మీరు తప్పులు వెతకడానికే పుట్టారా అండీ?"

"లేదండీ. మీరొచ్చాకే పని పెరిగింది."

మూడోసారి అంతా సరిపోయింది. ఆ సాయంత్రం జోరున వాన. అతను గొడుగు తెరిచి, సగం ఆమె వైపు జరిపాడు. ఆమె ఆ సగంలోకి వచ్చింది. బస్టాపు దాకా అతని కుడి భుజం తడుస్తూనే ఉంది. ఆమె అది చూసింది, చూడనట్టు నవ్వుకుంది.

పాత సిస్టమ్ ఆపేసే రోజు వచ్చింది. మీటింగ్ హాల్లో కేకు, పెద్దలు, ఫోటోలు. అతని ఉద్యోగం పర్మినెంటు చేస్తామని మేనేజర్ అప్పుడే చెప్పాడు. కౌంటర్ దగ్గరి ఉద్యోగి, అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన, తలుపు దగ్గర నిలబడి అతనికి సైగ చేశాడు.

"ఒక అమ్మాయొచ్చింది బాబూ. వచ్చే నెల పెళ్లట. చిన్నప్పుడు విడిపోయిన అన్నయ్య ఎక్కడున్నాడని అడుగుతోంది. నీ కొత్త సిస్టమేమో తోడబుట్టినవాళ్లు ఎవరూ లేరంటోంది. ఆ మాట నా నోటితో ఎలా చెప్పను?"

అతను వెళ్లి చూశాడు. పాత టేబుల్లో ప్రతి జంటనూ ఒక్కసారే, పెద్దవాళ్ల పేరు ముందు పెట్టి రాసేవారు. అతను ఆ వివరాన్ని పెద్దవాళ్ల ఫైల్లోనే పెట్టాడు. అన్న ఫైల్లో చెల్లెలుంది. చెల్లెలి ఫైల్లో అన్న లేడు. వెనక్కి మార్చినప్పుడు అన్న ఫైల్లోంచి జంట చక్కగా తిరిగొచ్చేది. అందుకే పరీక్ష నెగ్గింది.

ఎవరికీ తెలియదు. రేపు నెమ్మదిగా సరిచేసుకోవచ్చు. కానీ కౌంటర్ అవతల ఆ అమ్మాయి చేతిసంచి గట్టిగా పట్టుకుని, తనకెవరూ లేరన్న మాట కోసమే సిద్ధపడుతున్నట్టు నిలబడి ఉంది.

అతను హాల్లోకి నడిచాడు. "ఆపండి సర్. తప్పు జరిగింది. నాదే."

మేనేజర్ ముఖం మాడిపోయింది. "ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే తెలిసింది సర్. తోడబుట్టినవాళ్లలో చిన్నవాళ్లెవరొచ్చి అడిగినా నీకెవరూ లేరంటుంది నా సిస్టమ్. ఇది సరయ్యేదాకా పాతది ఆపొద్దు. నా ఉద్యోగం సంగతి తర్వాత చూడండి."

వెనక్కి మేడమ్ లేచింది. "నా తప్పూ ఉంది సర్. వెళ్లి రావడమే చూశాను. చిన్నవాళ్ల వైపు నుంచి వెతికి చూడలేదు. మాకు సాయంత్రం దాకా టైమివ్వండి."

ఇద్దరూ ఒకే డెస్క్ దగ్గర కూర్చున్నారు. అతను రాస్తుంటే ఆమె ప్రతి జంటనూ రెండు వైపుల నుంచీ వెతికించింది. మధ్యాహ్నం భోజనం మాటే మరిచారు. పొద్దువాలే వేళకు చెల్లెలి ఫైల్లో అన్న పేరొచ్చింది. బాబాయ్ ఆ అన్నకు ఫోన్ చేసి, మాట్లాడించడానికి అతని అనుమతి అడిగి, రిసీవర్ ఆ అమ్మాయికిచ్చాడు.

"అన్నయ్యా, నేనే..." అంది. రిసీవర్‌ను రెండు చేతులా పట్టుకుంది. అవతలి గొంతు గలగలా మాట్లాడుతూనే ఉంది.

మేనేజర్ దొరగారి భుజం తట్టి, "రేపు పర్మినెంటు ఆర్డరు తీసుకోవయ్యా" అని వెళ్లిపోయాడు.

వెనక్కి మేడమ్ అతని వైపు చూసింది. అన్ని రోజుల పరిచయంలో ఆమె కళ్లలో అంత గర్వం అతనెప్పుడూ చూడలేదు. తన డేటా అంతా సరిపోయిన రోజున కూడా.

ఆమె ఫోన్ తీసి వాళ్లమ్మకు చేసింది.

"అమ్మా, చెప్పానే, పొగరుబోతని... ఆ, ఆయనే. కాదమ్మా, పొరపాటు పడ్డాను. ఆదివారం ఇంటికి తీసుకొస్తున్నాను. ఏంటీ? లేదు, ఆయన్నింకా అడగలేదు. పక్కనే ఉన్నారు. ఆగు, ఇప్పుడే అడుగుతాను."