వెనకగదిలో రెండో గొంతు

అలియాబాద్ దాటాక మట్టిబాట మీద, కోళ్లఫారం పక్కన ఓ ఇల్లుంది. చీకటి పడితే దాని ముందు నుంచి ఎవరూ నడవరు. కామేశ్వరి అనే ఆవిడ అందులో ఒంటరిగా ఉండి, ఒంటరిగానే పోయిందట. మూడు రోజుల దాకా ఎవరికీ తెలియలేదట. అప్పట్నుంచి... ఆ ఇంట్లో ఎవరు మాట్లాడినా, వెనక నుంచి ఇంకో గొంతు కూడా మాట్లాడుతుందని ఊళ్లో చెప్పుకుంటారు.

ఇది 2013 నాటి సంగతి. నాతోపాటు షామీర్‌పేట బడిలో సోషల్ చెప్పే సైదా టీచర్ తనే నాకు చెప్పింది.

సైదా తమ్ముడు షాహబాజ్. అతని కూతురు అనం. ఆ పిల్లకు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి పరీక్షలకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. విని నేర్చుకుందామంటే సోషల్ పాఠాలు ఎక్కడా దొరకలేదు. “నేనే చదివి రికార్డు చేసిస్త బేటా” అని సైదా మాటిచ్చింది.

పగలంతా బడి. ఇంట్లో టీవీ, పిల్లలు, హైవే మీద లారీల మోత. నిశ్శబ్దంగా ఉండే చోటు కావాలంటే... ఆ ఇల్లే దొరికింది. యజమాని సుధాకర్ తాళంచెవి ఇస్తూ అదోలా నవ్వాడు.

“టీచరమ్మా, ఎనకనుంచి ఎవలన్న మాట్లాడితే మాత్రం... జవాబియ్యకుండ్రి.”

షాహబాజ్ అల్వాల్‌లో ఒక మైకు, పొడుగాటి వైరు, దాని చివర తగిలించే చిన్న అడాప్టర్ కొనుక్కొచ్చాడు. ల్యాప్‌టాప్ ఫ్యాను చప్పుడు రికార్డులో పడకూడదని దాన్ని వెనకగదిలో కిటికీ పక్కన బల్ల మీద పెట్టాడు. వైరును ముందుగదిలోకి లాగాడు. తలుపు ఓరగా వేశాడు. ముందుగదిలో మైకు ముందు కూర్చుని సైదా రెండు పాఠాలు చదివింది. పది గంటలకు తమ్ముడు బండి మీద వచ్చి తీసుకెళ్లాడు.

తెల్లారి అనం ఆ పాఠం వింటూ వింటూ ఆపేసి, మేనత్తను అడిగింది.

“ఫుప్పూ... నీ ఎనక చదువుతున్న ఆమె ఎవరు?”

సైదా గబగబా హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. తన గొంతు ఎక్కడో నూతి అడుగు నుంచి వస్తున్నట్టుంది. కానీ చెవి పక్కనే... ఎవరిదో ఊపిరి. ఆడమనిషి గుసగుస. తను చదివిన ప్రతి మాటనూ తన వెనకే అంటోంది.

“నైరుతి... రుతుపవనాలు... తిరో... తిరోగ...”

కాసేపు ఏమీ లేదు. తర్వాత అదే గొంతు, మెల్లగా—

“మల్ల సదువు.”

సైదా హెడ్‌ఫోన్లు తీసేసింది. ముందు తమ్ముణ్నే నిలదీసింది. “పరాచికాలాడుతున్నవా?” అతను బిడ్డ మీద ఒట్టేశాడు. అయితే సుధాకరే అనుకున్నారు. ఇంకో తాళంచెవి అతని దగ్గర ఉండే ఉంటుంది కదా. ఆ సాయంత్రం తలుపులకు సొంత తాళాలు వేశారు. బల్లల కింద, అటక మీద వెతికారు. షాహబాజ్ ముందుగదిలోనే అక్క పక్కన కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఏమీ వినిపించలేదు.

ఇంటికెళ్లి వింటే... గుసగుస ఉంది.

ఇంకొకరైతే అక్కడితో మానేసేవారు. సైదా మానలేదు. పరీక్ష ఆగదు కదా.

మూడో రాత్రి షాహబాజ్ రికార్డింగు మొదలుపెట్టి, మైకును వేలితో తట్టాడు. వెనకగదిలోకి వెళ్లి విన్నాడు. తట్టిన చప్పుడు లేదు! ల్యాప్‌టాప్ మూతను తట్టాడు. ఈసారి ధన్‌మని పడింది. అడాప్టర్ ఊడదీసి టార్చి వెలుగులో చూశాడు. ముందుగదిలో ఉన్న అక్కను పిలిచాడు.

“ఆపా... గీ పిన్ను మీద రెండే నల్ల గీతలున్నయ్. గీ ల్యాప్‌టాప్‌కు మూడు గీతలది కావాలె. మనం పెట్టిన మైకు పనే చేస్తలేదు. ఇన్ని దినాలు రికార్డు చేసింది... ల్యాప్‌టాప్ లోపలి మైకు.”

“అంటే?”

“అంటే... మాట్లాడేటామె నీ ఎనక లేదు. గీ ల్యాప్‌టాప్ ఉన్న అర్రలనే ఉంది.”

 సైదా పుస్తకం తమ్ముడి చేతిలో పెట్టింది. “నువ్వు పోయి జోరుగ చదువు. నేను ఈడ కూసుంట.”

దీపం ఆర్పి బల్ల పక్కన నక్కింది. ముందుగదిలో షాహబాజ్ తడబడుతూ చదవడం మొదలుపెట్టాడు. ఒక నిమిషం... రెండు నిమిషాలు... 

కిటికీ దగ్గర గాజుల చప్పుడు. తన చెవికి జానెడు దూరంలో, నిరాశగా—

“గా టీచరమ్మ ఏదీ...?”

సైదా “యా అల్లా” అంటూ లేచి కిటికీ రెక్క తోసేసింది. టార్చి వేసింది.

కిటికీ పగిలిన అద్దం కింద, బయటి గోడకు ఆనుకుని ఒక ఆడమనిషి. చేతిలో నోటుబుక్కు. వెలుగు పడగానే రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

“దొంగను గాను టీచరమ్మా! దుర్గాబాయిని. పక్క కోళ్లఫారంల పన్జేస్త.”

కొంగులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. ఓపెన్ స్కూల్ పదో తరగతి హాల్‌టికెట్. ముప్పై నాలుగేళ్ల మనిషి. మొగుడికి తెలిస్తే చదువు మాన్పిస్తాడని, కోళ్లకు దాణా వేసొస్తానని చెప్పి రాత్రిళ్లు వచ్చేదట.

“అచ్చరాలు వొస్తయ్. చెప్పేటోళ్లే లేరు. మీరు సదువుతుంటే మంచిగ మనసుకెక్కుతాంది...” అని, భయంభయంగానే అడిగింది. “గా తిరోగమనం అంటే ఏంది, టీచరమ్మా?”

సైదా ఏడుస్తూ నవ్విందట. తలుపు తీసి లోపలికి రమ్మంది.

మర్నాడు షాహబాజ్ మూడు గీతల అడాప్టర్ తెచ్చాడు. రికార్డులో సైదా గొంతు గంటలా పడింది. దుర్గాబాయి పక్కనే కూర్చుంది. ఎంత వద్దన్నా మధ్యమధ్యలో ఆపి అడిగేది. సైదా వివరించేది. అవన్నీ కత్తిరించి పంపుదామని సైదా అనుకుంది.

అనం ఒప్పుకోలేదు.

“ఆమె అడిగేటియి తీసెయ్యకు ఫుప్పూ. నాకు అర్థం కానియి గూడ గవే.”