వెనక కుడి సీటు

నాన్న కారు కొన్నాడని నాకు గవ్రీల్ బాబాయి చెబితే తెలిసింది. నా కోపం ఆ రోజే మొదలైంది.

మా ఊరు వ్రాత్సాలో మా ఫ్లాట్ల వెనక వరసగా ఇనప తలుపుల గ్యారేజీలుంటాయి. అందులో ఒకటి మాది, దాని పక్కది గవ్రీల్ బాబాయిది. ఆయన తేనెపెట్టెలూ పాత వ్యానూ అక్కడే ఉంటాయి. డిసెంబరు మధ్యలో ఒక మంగళవారం నేను పని నుంచి వస్తుంటే ఆయన గేటు దగ్గరే ఆపాడు.

"రదోస్తీనా, మీ నాన్నని చూశావా? కొత్త పెళ్ళికొడుకులా మురిసిపోతున్నాడు!"

మా గ్యారేజీలో బూడిదరంగు కారు ఉంది. పడమటి దేశం నుంచి తెప్పించి అమ్మిన పాత కారు. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని దాని దీపాలు తుడుస్తున్నాడు.

"నాకొక్క మాట చెప్పకుండా కొన్నావా?"

"ఇరవయ్యారేళ్ళు బస్సు నడిపినవాణ్ణి. కారు కొనాలంటే నీ సంతకం కావాలా?"

"కావాలి. అక్కని తేవడానికి వెళ్ళేది ఇద్దరం."

అక్క నెవేనా ఆస్ట్రియాలో, క్లాగెన్‌ఫర్ట్‌లో, ముసలివాళ్ళని చూసుకునే పని చేస్తోంది. ఒక పెద్దావిడని మంచం మీంచి ఎత్తబోయి వెన్ను చెడగొట్టుకుంది. ఆపరేషన్ అయింది. శుక్రవారం ఇంటికి పంపేస్తామన్నారు. బస్సులో అన్ని గంటలు కూర్చోలేదు. వెనక సీట్లో పడుకోబెట్టి, మూడు దేశాలు దాటించి, మంచు కొండల మీదుగా తీసుకురావాలి. అంతటి ప్రయాణానికి ఈయన ఊరూపేరూ తెలియనివాడి దగ్గర బండి కొనుక్కొచ్చాడు.

మర్నాడు సెలవు పెట్టి పొద్దున్నే దిగాను. నాలుగూ చలికాలం టైర్లు వేశాం. బ్యాటరీ మార్చాం. అద్దాలు కడిగే నీళ్ళు తీసేసి గడ్డకట్టని రకం పోశాం. తలుపుల రబ్బర్లకి నూనె రాశాను. ఒక్కో పనికీ ఒక్కో తగువు.

"అలా కాదు, ఇటివ్వు."

"నీ చేతులు వణుకుతున్నాయి, నేను చేస్తాలే."

"నా చేతుల సంగతి నీకెందుకు?"

లోపల తుడుద్దామని వెనక కుడి తలుపు తీశాను. వాసన కొట్టింది. తడిసిన ఉన్ని కోటుని ఆరబెట్టకుండా మడతపెట్టి మరిచిపోతే వచ్చే వాసన. సబ్బుతో రెండుసార్లు తుడిచినా పోలేదు. అప్పుడే బెల్టు చూశాను. మిగతా బెల్టులు రంగు వెలిసి, అంచులు పీచులు లేచి ఉన్నాయి. ఆ ఒక్కటీ కొత్తగా నిగనిగలాడుతోంది.

"నాన్నా, ఇదొక్కటే ఎందుకు మార్చారు?"

"పాడయ్యుంటుంది. మార్చారు."

నా మొహం చూడకుండా చెప్పాడు. నాన్న అలా చెబితే అబద్ధమే. చిన్నప్పట్నుంచీ తెలుసు నాకు.

మధ్యాహ్నం కారుని బయటికి నెట్టి, దాని తలుపులన్నీ మూసి, మంచులో జారకుండా చక్రాలకి గొలుసులు తొడగడం సాధన చేశాం. నేను వెనక కుడి చక్రం దగ్గర మంచులో కూర్చుని, గొలుసు కొక్కెం లాగుతూ తల పైకెత్తాను.

అద్దం మీద ఆవిరి. లోపలి వైపు.

అరచేయంత మచ్చ. సీట్లో కూర్చున్న మనిషి నోటికి సరిగ్గా ఎదురుగా. కాసేపు కుంచించుకుపోయింది. మళ్ళీ విచ్చుకుంది. మళ్ళీ కుంచించుకుపోయింది... మళ్ళీ విచ్చుకుంది. మిగతా అద్దాలన్నీ పొడిగా ఉన్నాయి.

"నాన్నా... ఇటు రా."

వచ్చాడు. చూశాడు. కోటు చేత్తో అద్దాన్ని బయటినుంచి గట్టిగా రుద్దాడు. లోపలున్నది బయట రుద్దితే పోతుందా?

"హీటరు వేశాను కదా, అందుకే."

పొద్దుట్నుంచీ ఇంజను ఆగే ఉంది.

నాలుగింటికి గొలుసులు విప్పేసి, కొండదారిలో ఒకసారి నడిపి చూద్దామన్నాడు. వద్దన్నాను. "అయితే ఇంట్లో కూర్చో" అన్నాడు. ఆ మాటకి ఒళ్ళు మండి ఎక్కి కూర్చున్నాను.

చీకటి పడుతోంది. పొగమంచు లోయలోంచి పైకి పాకుతోంది. ఊరు దాటి మూడో మలుపు తిరగగానే గంట మోగింది. టింగ్... టింగ్... టింగ్... స్టీరింగు వెనక మూడు చిన్న బొమ్మలు వెలిగాయి. వెనక ఎవరైనా కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే ఎర్రబడే బొమ్మలు. రెండు బూడిదరంగువి. కుడిది ఎరుపు.

"వెనకేం పెట్టావు?" అన్నాడు నాన్న.

"ఏమీ పెట్టలేదు."

బండి ఆపి, దిగి, ఖాళీ సీటుకి బెల్టు తగిలించి వచ్చాడు. గంట ఆగింది. రెండు మలుపులు ప్రశాంతంగా గడిచాయి.

టక్.

బెల్టు ఊడిన చప్పుడు. తర్వాత గంట.

నా కోపం కట్టలు తెంచుకుంది. "ఎవరు చచ్చిపోయారు ఇందులో?"

స్టీరింగు మీదికి ఇంకా వంగాడు.

"నిన్నే, నాన్నా!"

"ఒకావిడ," అన్నాడు గొణుగుతున్నట్టు. "అమ్మినవాడే చెప్పాడు. మంచులో పోతున్నారట. బండి ఆపు, గొలుసులు తొడుగు అని వెనకనుంచి మొత్తుకుందట. మొగుడు వినలేదు. బండి జారి గుద్దుకుందట. వాడికి చిన్న గీతైనా పడలేదు."

"తెలిసి కొన్నావా? అక్కని ఆ సీటు మీద పడుకోబెడదామనుకున్నావా?"

"శుక్రవారంలోగా ఇంకేది దొరికింది నాకు? చెబితే కొననిచ్చేదానివా నువ్వు? మనుషులు చావని చోటెక్కడుంది? మీ అక్క పడుకున్న ఆస్పత్రి మంచం మీద ఎవరూ చావలేదా?"

"ఆపు."

"అరవకు. ఈ మలుపు దాటనీ."

"నేను... నేను అనలేదు," అన్నాను.

గొంతు మాత్రం నాదే. నా విసురు, నా కోపం. వెనకనుంచి వచ్చింది.

రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

"ఆపమంటున్నానా!"

నాన్న నా వైపు తిరిగాడు. మూసుకున్న నా నోరు చూశాడు. ఆయన మొహంలో రక్తం లేదు. అయినా కాలు బ్రేకు మీదికి పోలేదు. భయంతో యాక్సిలరేటరు ఇంకా గట్టిగా తొక్కాడు. బండి వేగం పెరిగింది. నా బెల్టు భుజం మీద బిగిసింది... ఇంకా బిగిసింది... మెడ దగ్గరికి జరిగింది. మెడ వెనక చల్లటి ఊపిరి. తడి ఉన్ని వాసన.

"నీకు చెబితే... వినవా..."

చేతి బ్రేకు పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగాను.

బండి సగం తిరిగి, మంచు గట్టుకి ఆనుకుని ఆగింది. ఇంజను ఆగిపోయింది. గంట ఆగిపోయింది. బెల్టు వదులైంది.

వెనక కుడి తలుపు తెరుచుకుంది. చల్లగాలి లోపలికొచ్చింది. తలుపు మెల్లగా మూసుకుంది.

ఎవరో దిగారు.

తాళం కూడా వేయకుండా కారు అక్కడే వదిలేసి కిందికి నడిచాం. సగం దారిలో నాన్న, "తప్పు నాది," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట వినలేదు. అయినా నా కోపం తగ్గలేదు.

"నాతో కాదు. అక్కతో చెప్పు."

ఆ రాత్రే గవ్రీల్ బాబాయి తలుపు తట్టాం. ఆయన నాన్న మొహం చూసి తన వ్యానులోంచి తేనెపెట్టెలు దింపేశాడు. వెనక పరుపు పరిచి దుప్పట్లు వేశాడు. మా గొలుసులు దానికి పట్టవని తన గొలుసులే ఇచ్చాడు. "పెళ్ళికొడుకు దిగులుపడ్డాడేంటి?" అన్నాడు చివర్లో. ఎవరం నవ్వలేదు.

గురువారం తెల్లారకముందే బయల్దేరాం. నేను ఆపమన్న ప్రతిచోటా నాన్న మారుమాట్లాడకుండా ఆపాడు. బెల్‌గ్రేడ్ దాటాక మంచు కురిస్తే ఇద్దరం కలిసి గొలుసులు తొడిగాం. వ్యానులో తేనె వాసన తప్ప ఇంకేదీ లేదు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నానికి క్లాగెన్‌ఫర్ట్ చేరాం. ఊరంతా ఎండ. రోడ్లు పొడిగా ఉన్నాయి. ఆస్పత్రి ముందు వ్యాను ఆపి, అన్ని తలుపులూ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పైకెళ్ళాం.

అక్క కోటు వేసుకుని మంచం అంచున కూర్చుని ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది.

"ఆవిడని ముందు పంపించేసి మీరిద్దరూ కింద ఇంతసేపూ ఏం చేస్తున్నారు?"

"ఎవర్ని పంపాం అక్కా?"

"ఎవర్నేంటి? ఆ తడి ఉన్ని కోటు ఆవిడని. నా బ్యాగు తీసుకుని కిందికెళ్ళింది. వరండాలో గొంతు విని నువ్వే అనుకున్నానే! నాన్నని ఒకటే తిట్టడం. ఏం చేశావు నాన్నా ఆవిణ్ణి?"

నాన్న గోడ పట్టుకున్నాడు.

చక్రాల కుర్చీలో అక్కని కిందికి తీసుకొచ్చాం. వ్యాను తలుపులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. నేను తాళం తీసి వెనక తలుపులు తెరిచాను. అక్క బ్యాగు దిండు పక్కన నిలబెట్టి ఉంది. దాని పిడి మీద కరగని మంచు.

"రదా..." అన్నాడు నాన్న గుసగుసగా. "ఎక్కించమంటావా?"

నేను జవాబు చెప్పేలోపే అక్క కుర్చీలోంచి ముందుకి వంగి, ఖాళీ పరుపు వైపు చూసి విసుక్కుంది.

"ఆవిణ్ణి కాస్త జరగమనండి. నేను పడుకోవాలి."