చావు సీను తర్వాత నవ్వు

డబ్బింగ్ గదిలోకి ఎండ రాదు, గాలి రాదు, బయట బస్సు హారన్ కూడా రాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ చీకట్లో కూర్చుంటే ఎంత భయపెట్టే సీరియల్‌కైనా ముందు నిద్రే ముంచుకొస్తుంది. ఆ రోజు చిన్నదానికి మాత్రం నిద్ర దరిదాపులకి రాలేదు. ఎలా వస్తుంది మరి? కాలేజీ పిల్లల దెయ్యం సీరియల్, అందులో మొదటి ఎపిసోడ్, హీరోయిన్ గొంతు తనది. అప్పటిదాకా గుంపులో కేకలూ, పక్కింటి పిల్ల దగ్గులూ, ఇవే దాని వంతు.

ఈ అవకాశం ఇప్పించింది అక్క. తోడబుట్టిన అక్కే, అక్కడ డబ్బింగ్ ఇన్‌చార్జి. నిజానికి ఆ గొంతు అక్కే చెప్పాలి. ప్రోమోకి చావుకేక పెట్టింది కూడా తనే. ఆ తర్వాత గొంతు బొంగురుపోయింది. నెల్లాళ్లయినా తగ్గలేదు, రోజురోజుకీ మాట గీరుకుంటూ వస్తోంది. "నా నోటి దగ్గర ముద్ద తీసి నీకు పెడుతున్నానే, నా పరువు తీయకు" అంది పొద్దున, చెల్లి జడ బిగిస్తూ. చిన్నదానికి కళ్లు చెమర్చాయి. అక్క రమ్మంటే ఎక్కడికని అడగని రకం అది.

ఆ డబ్బింగ్ థియేటర్లో ఒక పద్ధతుంది. చావు సీనుకి గొంతిచ్చినవాళ్లు, కేక అవగానే అదే మైకులో సొంత గొంతుతో ఒక నవ్వు నవ్వాలి. నవ్వు రికార్డయ్యాకే ఇంజనీరు ఎర్రలైటు ఆర్పుతాడు. ఎందుకని ఎవరూ అడగరు. పెద్ద పెద్ద ఆర్టిస్టులు కూడా బుద్ధిగా హిహి అని, చెప్పులేసుకుని వెళ్లిపోతారు. ఈ విషయంలో అందరికంటే చండశాసనురాలు అక్కే.

మాటలన్నీ అయ్యాయి. కేక మిగిలింది. తెర మీద హీరోయిన్ హాస్టల్ మెట్ల కింద గది తలుపు తోసింది. లోపల అచ్చం తనలాంటి పిల్లే నిలబడి ఉంది. "అమ్మా" అని అరిచి కూలిపోవాలి. చిన్నది హెడ్‌ఫోన్లు సర్దుకుంది. కార్పెట్ లోంచి చెమ్మ వాసన... ఇందాక లేదే. ఊపిరి పీల్చుకోబోతుంటే, దానికంటే ముందు చెవి పక్కనే ఎవరో పీల్చారు.

"బాబాయ్, ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" అని గుసగుసగా అడిగింది.

"నువ్వేగా తల్లీ" అన్నాడు అద్దం అవతల, అక్క పక్కన కూర్చున్న ఇంజనీరు. "కానీయ్."

కేక పెట్టింది. ఇక నవ్వాలని నోరు తెరిచింది.

ఎర్రలైటు ఆరిపోయింది.

అద్దం అవతల స్విచ్ మీద ఉన్నది అక్క వేలు.

"అక్కా... నవ్వు..."

"అక్కర్లేదు. బయటికి రా."

ఆ గొంతులో బొంగురు లేదు. గంట కొట్టినట్టుంది.

ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు. "ఇదేం పనమ్మా? ప్రోమో కేక రోజు నువ్వు నవ్వబోతుంటే కరెంటు పోయింది. దానికి ఈ పిల్లేం చేసింది?"

అక్క తలెత్తలేదు. "నాకు పిల్లలున్నారే" అంది అద్దంలోంచి చెల్లితో. "గొంతు పోతే వాళ్లకి తిండెవరు పెడతారు? నీది చిన్న వయసు. ఏదో ఒక పని దొరక్కపోదు."

ఇంజనీరు గబగబా మళ్లీ ఎర్రలైటు వేశాడు. "నవ్వమ్మా. ఇప్పుడైనా నవ్వు." చిన్నది నవ్వబోయింది. గాలి వచ్చింది, అంతే. మీటరు మీద ముల్లు కదల్లేదు. దానికి ముందుగా ఏడుపొచ్చింది గొంతు పోయినందుకు కాదు. జడ వేసేటప్పుడే అనుకున్నావా అక్కా, అని అడగాలనుంది. అడగడానికి నోరు తప్ప గొంతేది?

అప్పుడు అక్క ఫోన్ మోగింది. ఇంటి దగ్గర్నుంచి అమ్మ. అక్క స్పీకర్లో పెట్టింది; అవతలి గదిలోంచి ఆర్టిస్టుతో మాట్లాడే మైకు తెరిచే ఉండటంతో ప్రతి మాటా చిన్నదాని హెడ్‌ఫోన్లలో పడింది.

"ఏమేవ్ పెద్దదానా, చెల్లిని అప్పుడే పంపించేశావా? వీధి తలుపవతల నిలబడి అమ్మా, అమ్మా అని ఒకటే పిలుపు. నేను పొయ్యి దగ్గరున్నా. నీ పిల్లలు తలుపు తీయడానికి పరిగెత్తారు."

"తీయొద్దను. అమ్మా, తీయొద్దని చెప్పు." అక్క గొంతు ఖంగుమంది.

గొళ్లెం జారిన చప్పుడు. పిల్లల నవ్వులు. అమ్మ చేతిలోంచి ఎవరో ఫోన్ అందుకున్నారు. అక్క పెద్దకూతురు.

"అమ్మా, పిన్నికి మా పేర్లు తెలియవట. చెప్పమంటోంది."

వెనకాల, అప్పుడే, అక్క చిన్నకొడుకు తన పేరు చెప్పేస్తున్నాడు.