నొక్కకుండానే వెలిగిన ఫ్లాష్

ఆఫీసులో అతన్ని మరమ్మతుల మామ అనేవారు. ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిపోయిన ప్రోగ్రాములకు అతుకులు వేయడమే అతని పని. అతని దగ్గర ఓనమాలు దిద్దుకున్న అమ్మాయి ఇప్పుడు అతనికే మేనేజరు. కొంతకాలంగా అతని మనసు ఒకచోట నిలవడం లేదు. ఉద్యోగం మానేసి ఫొటోలు తీసుకుంటూ బతుకుతానని భార్యతో అన్నాడు. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది.

"ముందు ఒక్క పని పట్టి చూపించండి. తర్వాత రాజీనామా సంగతి," అంది.

పట్టాడు. ఓ బట్టల షాపువాళ్లు ఫొటోలు తీయమన్నారు. కంపెనీ ఫ్లాష్ ధర చూస్తే కళ్లు తిరిగాయి. సందులో ఉన్న చిన్న షాపుకెళ్లి పేరూ ఊరూ లేని ఫ్లాష్ ఒకటి, దాన్ని దూరం నుంచి వెలిగించే రిమోటు ఒకటి కొన్నాడు.

"సరుకు అదే సార్, పైన పేరొక్కటే ఉండదు," అన్నాడు షాపతను.

"గ్యారంటీ?"

"మీరు మెట్లు దిగేవరకూ."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ ఆదివారం సాయంత్రం ఎడతెగని వాన. కరెంటు పోయింది. మూసిన గదిలో తడిగోడల వాసన. చీకట్లో ఫ్లాష్ ఎలా పనిచేస్తుందో చూడొచ్చని అతను భార్యను స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఫ్లాష్‌ను అలమర మీద పెట్టాడు. కెమెరా చేతిలోకి తీసుకుని లెన్సు సరిచేస్తున్నాడు. ఇంతలో గదంతా తెల్లగా మెరిసింది.

"అప్పుడే తీసేశారా? కళ్లు మూసుకున్నాను."

"నేను నొక్కలేదు."

పక్కింట్లో ఎవరి దగ్గరో ఇలాంటి రిమోటే ఉండుంటుందనీ, చవక సరుకు కదా, ఒకరు నొక్కితే ఇంకొకరిది వెలుగుతుందనీ చెప్పాడు. ఫ్లాష్‌నూ రిమోటునూ కలిపే ఛానలు మార్చాడు.

మళ్లీ వెలిగింది.

తప్పు ఎక్కడుందో వెతకడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. రిమోటు ఆపేశాడు. వెలిగింది. దాని బ్యాటరీ ఊడదీశాడు. వెలిగింది. ఒక మెరుపు, కాసేపు ఆగి ఇంకొకటి... ఎవరో ఓపిగ్గా, చోటు మార్చుకుంటూ ఫొటోలు తీస్తున్నట్టు. దుమ్ము మాడిన వాసన ముక్కుకు తగిలింది.

అప్పుడు చూశాడు కెమెరా తెర వైపు. తను నొక్కనే లేదు. అయినా అందులో ఫొటో ఉంది.

స్టూలు మీద భార్య. ఆమెకు ఎదురుగా తన వీపు. తన చేతుల్లో... ఇదే కెమెరా.

గుమ్మం దగ్గర నుంచి తీసిన ఫొటో అది.

తర్వాతది ఇంకాస్త దగ్గర నుంచి. ఆ తర్వాతది మరీ దగ్గర. తన మెడ, లోపలికి మడతపడిన చొక్కా కాలరు. మెల్లగా చెయ్యి వెనక్కి పోనిచ్చి తడిమాడు. కాలరు మడతపడే ఉంది.

"వెనక్కి తిరక్కండి," అంది భార్య.

"ఎవరు?"

ఆమె చూపు అతని భుజం మీదుగా ఎటో నిలిచిపోయింది.

అతను అలమర దగ్గరికి జరిగాడు. ఫ్లాష్ మూత లాగి బ్యాటరీలన్నీ అరచేతిలో పోసుకున్నాడు. వేడిగా ఉన్నాయి.

"తీసేశారా?"

"తీసేశా..."

వెలిగింది.

ఎదుటి గోడ మీద ఆమె నీడ. పక్కన తన నీడ. ఆ రెంటి మధ్యా, మోచేతులు పైకెత్తి, ముఖానికి ఏదో ఆనించుకున్న మరో నీడ.

మెట్ల మీద ఎలా పడ్డారో, ఎలా లేచారో వాళ్లకే తెలియదు. ఆ రాత్రి ఆమె అక్క ఇంట్లో తలదాచుకున్నారు.

మర్నాడు అతను ఫ్లాష్‌ను సుత్తితో ముక్కలు చేసి పారేశాడు. కెమెరా అమ్మేశాడు. నేరుగా మేనేజరు దగ్గరికెళ్లి, "నన్ను కొత్త ప్రాజెక్టులో వెయ్యమ్మా, మొదటి నుంచి నేర్చుకుంటాను," అన్నాడు. "ఈ మాట కోసమే చూస్తున్నాను మామా," అందా అమ్మాయి. రోజులు గాడిన పడ్డాయి. ఆ సాయంత్రం ఏం చూశావని భార్యను ఎన్నిసార్లు అడిగినా, "నాకేం కనిపించలేదు," అనేది.

మొన్న పొద్దున ఇద్దరూ కూర్చుని టీ తాగుతున్నారు. బయట మబ్బు. గదిలో వెలుతురు అంతంతమాత్రం. కప్పు పెదాల దాకా తెచ్చిన ఆమె అలాగే ఆగిపోయింది. గడ్డం కొద్దిగా పైకెత్తింది. ఎవరూ లేని మూల వైపు తిరిగి చిన్నగా నవ్వింది.

"ఏమైంది?"

"ఉండండి," అంది పెదాలు కదపకుండా. "ఇదే చివరిది..."

గదిలో ఏదీ మెరవలేదు. కానీ అతను చూస్తుండగానే, ఆమె కనుపాపలు చటుక్కున ముడుచుకుని ఆవగింజంత అయ్యాయి.