థాలియం పెగ్గు

ప్రేమదాసు చనిపోయినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ హత్యలోని తెలివంతా అక్కడే ఉంది.

క్షిపణుల గైడెన్స్‌లో దేశంలో అంతటి బుర్ర మరొకటి లేదు. ఆ బుర్రను మోసే ఒంటిని మాత్రం ఆయన కిరాయి ఇల్లులా వాడుకున్నాడు. లేచింది మొదలు సిగరెట్టు. భోజనమంటే కంప్యూటర్ ముందు బిర్యానీ డబ్బా. నిద్ర అంటే కుర్చీలో కునుకు. మొయినాబాద్‌లోని ఒక వెల్‌నెస్ రిట్రీట్‌లో వారం గడిపి ఇంటికొచ్చాక అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండటం మొదలైంది. ఆ తర్వాత గుండె లయ తప్పింది, పోయాడు. దవాఖాన వాళ్లు ఫైలు తిరగేసి "స్మోకర్, బీపీ, షుగర్" అని తేల్చేశారు. ఆఫీసు వాళ్లు దండ వేసి, "చెబితే వినేవాడు కాదండీ" అని తలలూపి వెళ్లిపోయారు.

నమ్మనిది ఆయన భార్య లిదియా ఒక్కతే. భర్త దువ్వెనను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నేరుగా ఆయన ల్యాబ్ సెక్యూరిటీ ఆఫీసర్ టేబుల్ దగ్గరకు వచ్చింది.

"సిగరెట్లు తాగేటోళ్లకు గుప్పెళ్లకు గుప్పెళ్లు వెంట్రుకలు ఊడుతయా సార్? జర టెస్ట్ చేయించుండ్రి."

చేయించారు. వెంట్రుకల్లో థాలియం దొరికింది. రంగు, రుచి, వాసన ఏమీ లేని విషలోహం.

మర్నాడు పొద్దున ఎజ్రా చేవెళ్ల మార్కెట్ యార్డుకు వెళ్లాడు. ఎంకపల్లిలో పుట్టి పెరిగిన ఎజ్రా, కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో పేరు లేని ఒక విభాగానికి ఏజెంటు. క్యారెట్ బస్తాల పక్కన తలకు తువ్వాలు చుట్టుకుని కమీషన్ ఏజెంటులా నిలబడ్డవాడు అతని చీఫ్ గోవర్ధన్. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే గదిలో పనిచేస్తున్నారు. అయినా కోడ్ వర్డ్ చెప్పందే గోవర్ధన్ నోరు విప్పడు.

"అన్నా, క్యారెట్ ఎట్లున్నది?" అన్నాడు ఎజ్రా, విసుగు దాచుకోకుండా.

"కడిగింది కావాల్నా, కడగనిదా?"

"మన్నుతోనే కావాలె."

గోవర్ధన్ తృప్తిగా తలూపి, పక్కనే ఉన్న వ్యాన్‌లోకి దారి తీశాడు. తలుపు మూసుకోగానే బ్రీఫింగ్ మొదలైంది.

"రిట్రీట్ పేరు శుద్ధవనం. డైరెక్టర్ డాక్టర్ లూసియన్ క్రాల్. పాస్‌పోర్టులు మూడు, డాక్టరేట్ ఒక్కటి గూడ లేదు. వెనక పెద్ద విదేశీ రింగ్ ఉన్నది. మన సైంటిస్టులను ఒక్కొక్కల్నే సాఫ్ చేస్తున్నరు."

"ఎవరూ అనుమానపడలేదా సార్?"

"గదే వాని మెథడ్. సిగరెట్టు, మందు, నిద్ర లేకపోవుడు. గిసుంటి అలవాట్లున్నోళ్లనే ఏరుకుంటడు. సచ్చిపోతే తప్పు సచ్చినోని మీదికే పోతది. పోస్ట్‌మార్టం ఎవడు అడుగుతడు?"

"ఇప్పుడు లోపల ఎవరున్నరు?"

"నేవీ రాడార్ టీమ్. నలుగురు. హెల్త్ క్యాంప్ అని డిపార్ట్‌మెంటే పంపింది. వచ్చే నెల ఫైనల్ ట్రయల్. వీళ్లు పడిపోతే ఆ ప్రాజెక్టును లేపే మనిషే లేడు."

"బయటికి తీసుకొస్తే అయిపోతది గద."

"తెస్తే క్రాల్ ఎగిరిపోతడు, రింగ్ మాయమైతది. విషం దొరకాలె, మనిషి దొరకాలె."

"అంటే ఆ నలుగురిని ఎరగా పెట్టినం."

గోవర్ధన్ ఒక పెట్టె తెరిచాడు. అందులో కండరాలకు మసాజ్ చేసే గన్ ఒకటి ఉంది. చూడ్డానికి అంతే. ట్రిగ్గర్ రెండుసార్లు నొక్కితే ఎక్స్‌రే వదిలి, ఎదుట ఉన్న వస్తువులో ఏ లోహం ఉందో హ్యాండిల్ మీది చిన్న స్క్రీన్‌లో చూపిస్తుంది. పక్కనే ఒక డబ్బా నిండా నీలి క్యాప్సూల్స్ ఉన్నాయి.

"ప్రష్యన్ బ్లూ. బొమ్మలేసే రంగే. థాలియంను పేగులల్లనే పట్టుకొని బయటికి పంపుతది. ఎంత తొందరగ ఏస్తే అంత మంచిది. ఇంకో ముచ్చట. లోపల మన మనిషి ఒకామె ఉన్నది. పేరు మేఘ. క్రాల్ కాడ హెల్త్ కోచ్. వానికి పనిచేస్తున్నట్టు నటిస్తూ మనకు పనిచేస్తున్నది."

"మనకు పనిచేస్తున్నట్టు నటిస్తలేదని గ్యారంటీ ఏంది?"

"జీతమైతే మన కాడ తీస్కుంటున్నది" అన్నాడు గోవర్ధన్. అది గ్యారంటీ కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం శుద్ధవనం గేటు దగ్గర దిగినవాడు ఎజ్రా కాదు, గండిపేట ప్లాట్ల వ్యాపారి రంజిత్. మెడలో లావుపాటి గొలుసు, రంగేసిన మీసం, కృత్రిమంగా పసుపు పూసిన పళ్లు, చొక్కా కింద కట్టుకున్న మెత్తటి బొజ్జ. అద్దంలో చూసుకుంటే ఎజ్రాకు తన మీద తనకే రోత పుట్టింది.

లోపల ఇంకా ఎక్కువ రోత పుట్టింది. ఒకప్పటి ద్రాక్షతోటలో కట్టిన కుటీరాలు, ప్రతి కుటీరానికీ ఏసీ. గోడల మీద ఉపవాసం గొప్పతనం. ఇరవై ఏళ్లు ఒంట్లోకి పొగ తోలి, దాన్ని వారంలో గడ్డిరసంతో కడిగేసుకోవచ్చని నమ్మి వచ్చిన మనుషులు తెల్లటి గౌన్లు వేసుకుని, చేతుల్లో రాగి సీసాలతో గంభీరంగా తిరుగుతున్నారు. వాళ్లను ఆశీర్వదిస్తున్నట్టు చేతులూపుతూ క్రాల్ ఎదురొచ్చాడు. పొడుగ్గా, పాలిపోయి ఉన్నాడు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు కాబోలు.

"స్వాగతము. మీ దేహమందలి విషములన్నియు మేము తొలగించెదము."

"గట్లనే కానీయుండ్రి డాక్టర్ సాబ్" అన్నాడు ఎజ్రా పసుపు పళ్లు చూపిస్తూ.

మేఘ యోగా హాల్లో కలిసింది. ఎర్రంచు తెల్లచీర, చెంపలకు తాకీ తాకనట్టు ఊగే ముత్యాలు. ఆమె నడిచి వస్తుంటే అక్కడున్న గౌన్లన్నీ పొట్టలు లోపలికి పీల్చుకున్నాయి. మసాజ్ గన్ ఎట్లా పట్టుకోవాలో నేర్పే వంకతో వంగి, చెవి దగ్గర కోడ్ పలికింది.

"మన్ను పోయేదాంక కడగాలె."

"ఎక్కడున్నది?" అన్నాడు ఎజ్రా.

"రాగి సీసాలల్ల. పొద్దున తాగే నీళ్లల్ల కలుపుతరు. ఏ రోజో నాకింక తెల్వదు."

ఎజ్రా ప్రతి పొద్దునా అందరికంటే ముందు లేచి, సీసాల బల్ల దగ్గర భుజాలు నొప్పులని మూలుగుతూ మసాజ్ గన్ ఆడించాడు. స్క్రీన్ మీద రాగి. మర్నాడూ రాగే. చారు చూశాడు, గడ్డిరసం చూశాడు, తేనె చూశాడు. క్రాల్ దగ్గరుండి పంచే భస్మంలో సీసం కనిపించింది కానీ, అది గూఢచర్యం కాదు, ఉత్త వ్యాపారం. థాలియం ఎక్కడా లేదు.

సైంటిస్టుల క్యాంప్‌కు ఆఖరి రోజు వచ్చింది. నలుగురు సైంటిస్టులూ గుండ్రాళ్లలా ఉన్నారు. సాయంత్రం వరండాలో కూర్చుని ఎజ్రా చేదు కాకరరసం గటగటా తాగుతుంటే రాడార్ టీమ్ లీడర్ శాంతయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. చిల్కూరు మనిషి. వేళ్లు పొగకు పచ్చబడ్డాయి, కళ్ల కింద సంచులు. గ్లాసు వైపు వింతగా చూశాడు.

"తమ్మీ, నువ్వు నిజంగనే తాగుతున్నవా?"

"మీరు తాగుతలేరా?"

శాంతయ్య నవ్వి, పక్కనున్న పూలకుండీని చూపించాడు. "మేం నలుగురం వచ్చిన కాడికెంచి రసం, భస్మం అన్నీ దానికే పోస్తున్నం."

ఎజ్రా తన ఖాళీ గ్లాసు వైపు చూసుకున్నాడు. ప్రభుత్వం ఆరోగ్యం కోసం పంపితే, వీళ్లు కుండీకి పోసి కూర్చున్నారు. రేడియేషన్ లెక్కలు గాలిలో రాయగల మనుషులు సొంత ఊపిరితిత్తుల లెక్క మాత్రం చూసుకోలేరు.

"మరి వారం రోజులు ఎట్ల ఉన్నరు సార్?" అన్నాడు, గొంతులోని ఏవగింపు దాచుకుంటూ.

"సిగరెట్లు వెనక గేటు కాడ దొరుకుతయి. మందే దొరకలే. గందుకే ఆ మేడమ్ మేఘ పాపం, సాటుగ అరేంజ్ చేసింది. అయిదింటికి జెర్బెరా పూలు పెంచే ప్లాస్టిక్ పాలీహౌస్‌ల ఫేర్‌వెల్. ఫారిన్ స్కాచ్. నువ్వు గూడ రారాదు." శాంతయ్య గొంతు తగ్గించాడు. "ఏమనుకోకు తమ్మీ. ఆ రాడార్ పని మీద పడ్డంక నిద్ర ఏందో మర్సిపోయిన. పొగ లేకుంటే కన్ను తెరుసుకోదు, మందు లేకుంటే కన్ను మూతపడదు. మా అవ్వ ఉన్నప్పుడు తిట్టేది. ఇప్పుడు తిట్టెటోళ్లు గూడ లేరు."

అంత అసహ్యంలోనూ ఎజ్రా మనసు ఒకసారి కలుక్కుమంది. కానీ ఆలోచించడానికి టైమ్ లేదు. శాంతయ్య లేచి వెళ్లాక ఒక్కొక్కటే అర్థమవసాగింది. క్రాల్ మంచినీళ్లలో విషం ఎందుకు కలుపుతాడు? ఈ మనుషులు మంచినీళ్లు తాగరు. మానమన్నది మాత్రం ఎంత దూరమైనా వెళ్లి తాగుతారు. ప్రేమదాసు కూడా తాగి ఉంటాడు. రాగి సీసాల కథ తన కళ్లకు గంతలు కట్టడానికే. ఆ కథ చెప్పింది మేఘ. స్కాచ్ తెస్తున్నదీ మేఘే.

ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. ఎవరో జామర్ పెట్టారు. అయిదవుతోంది.

బొజ్జను విప్పి గడ్డిలో పారేసి, మసాజ్ గన్ చేతబట్టి ఎజ్రా పరుగెత్తాడు. పాలీహౌస్ తలుపు తోసేసరికి, గులాబీ రంగు జెర్బెరా పూల వరుసల మధ్య నలుగురూ గ్లాసులెత్తి ఉన్నారు. వాళ్ల వెనక క్రాల్ చిరునవ్వుతో నిలబడ్డాడు. సీసా మేఘ చేతిలో ఉంది.

"తాగొద్దు!"

ముగ్గురు ఆగారు. శాంతయ్య గ్లాసు అప్పటికే పెదవిని తాకింది. ఎజ్రా ఒక్క దూకు దూకి చేతి మీద కొట్టాడు. గ్లాసు ఎగిరి మట్టిలో పడింది.

"పిచ్చి లేసిందా?" అని అరిచాడు శాంతయ్య. "మస్తు ఖరీదైన సరుకు!"

ఎజ్రా పక్కాయన గ్లాసు మీద గన్ పెట్టి ట్రిగ్గర్ రెండుసార్లు నొక్కాడు. స్క్రీన్ ఎర్రగా మెరిసింది. థాలియం. దేశంలోని నలుగురు గొప్ప సైంటిస్టులు ఆ స్క్రీన్‌ను చూశారు. తర్వాత గ్లాసుల్లోని స్కాచ్‌ను చూశారు. ఇంకా వాటిని కింద పెట్టలేదు.

"మసాజ్ గన్ చూయించి మందు ఆపుతడంట" అన్నాడొకాయన.

క్రాల్ ముందుకొచ్చాడు. "ఈ అతిథి వ్యసనము మానుటచే మతి చలించినాడు. భయపడకుడు. మేఘా, నీవు త్రాగి వీరికి ధైర్యము చెప్పుము."

మేఘ ముఖంలోని రంగంతా ఒక్కసారిగా దిగిపోయింది. కళ్లు క్రాల్ కుడి జేబు వైపు పోయాయి. ఆ జేబులో పిస్టల్ ఆకారం ఎజ్రాకు కూడా కనిపించింది.

"తాగు మేఘా" అన్నాడు ఎజ్రా తాపీగా. "ఇద్దరి కాడ జీతం తీస్కున్నవ్. ఒక్కని మాటన్న విను."

ఆమె గ్లాసు నింపింది. పెదవుల దాకా తెచ్చింది. క్రాల్ చిరునవ్వు చెదరలేదు. తను చచ్చినా ఆ నవ్వు అలాగే ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసొచ్చినట్టుంది. గ్లాసు గిర్రున తిప్పి, స్కాచంతా ఆ నవ్వుతున్న నోట్లోకే విసిరికొట్టింది.

క్రాల్ గొంతులో గుటక పడింది. పిస్టల్ తీశాడు కానీ కళ్లు మండి ఏమీ కనిపించలేదు. ఎజ్రా మసాజ్ గన్ బరువంతా అతని మణికట్టు మీద దింపాడు. తుపాకీ పూల మధ్య పడింది. క్రాల్ మోకాళ్ల మీద కూలబడి, నోట్లో వేళ్లు పెట్టుకుని కక్కడానికి పెనుగులాడాడు. ఆ విషం ఏం చేస్తుందో అక్కడున్న అందరికంటే అతనికే బాగా తెలుసు. ఎందరినో చూశాడు.

ఎజ్రా జేబులోంచి నీలి క్యాప్సూల్స్ తీసి అరచేతిలో ఆడించాడు.

"ప్రష్యన్ బ్లూ! ఇమ్ము! శీఘ్రముగ ఇమ్ము!"

"ఇస్త. నీ మనుషుల పేర్లు చెప్పు. ఎవరెవరు, ఎక్కడెక్కడ."

ఎజ్రా ఎలాగూ ఇచ్చేవాడే. మనుషుల్ని అలా చావనివ్వడం క్రాల్ వృత్తి, అతనిది కాదు. కానీ ఆ మాట క్రాల్‌కు చెప్పాల్సిన పని లేదు. గ్రాంథికం మరిచిపోయి, వచ్చిన భాషలన్నీ కలిపి అతను పేర్లు కక్కాడు. గండిపేటలో విల్లా తీసుకున్న జంట, ఎయిర్‌పోర్టు దగ్గర కార్గో కంపెనీ, డిపార్ట్‌మెంట్‌లోనే హెల్త్ క్యాంపులు ఖాయం చేసే ఒక పెద్ద ఆఫీసర్. నలుగురు సైంటిస్టులూ సాక్షులు. అప్పుడు గానీ వాళ్లు గ్లాసులు కింద పెట్టలేదు.

జామర్ ఆపి ఎజ్రా ఫోన్ చేయగానే గోవర్ధన్ వ్యాన్లు వచ్చాయి. సంకెళ్లు వేస్తుంటే మేఘ ఎజ్రా వైపు తిరిగింది.

"నేనే గద మిమ్మల్నందర్నీ కాపాడింది. జర చెప్పు సార్‌కు."

"నిన్ను నువ్వు కాపాడుకున్నవ్. నడుమ మేం బతికినం" అన్నాడు ఎజ్రా.

శాంతయ్య వచ్చి ఎజ్రా భుజం గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత వ్యాన్ ఎక్కి కూర్చోగానే నిద్రపోయాడు, నోరు తెరుచుకుని, పసివాడిలా.

రింగ్ మొత్తం ఆ వారంలోనే దొరికింది. క్రాల్ బతికాడు, జుట్టు లేకుండా. రాడార్ ట్రయల్ అనుకున్న రోజుకే ఖాయమైంది. నలుగురు సైంటిస్టుల రక్తపరీక్షల రిపోర్టు వచ్చిన రోజు గోవర్ధన్ ఎజ్రాను హడావిడిగా పిలిపించాడు. ముఖం పాలిపోయి ఉంది.

"థాలియం లేదు. కానీ ఇది చూడు. నలుగురికీ కేడ్మియం ఎక్కువ. సీసం ఎక్కువ. లివర్లు ఖరాబ్. అంటే ఇంకో రింగ్ ఉన్నదన్నట్టు! ఏ దేశం పని ఇది?"

ఎజ్రా రిపోర్టు చదివి, మడిచి టేబుల్ మీద పెట్టాడు.

"దేశం గీశం ఏం లేదు సార్. సిగరెట్టు డబ్బా మీద పుండు బొమ్మ ఏసి మరీ అమ్ముతున్నరు."